తొమ్మిదో పాఠం దాకా ఆగండి

కొప్పిశెట్టి తాతాజీకి నెట్‌వర్కింగ్ రాదని ఎవరైనా అంటే అది పచ్చి అబద్ధం. రేపు చెప్పబోయే పాఠం వరకూ అతనికి క్షుణ్ణంగా వచ్చు. ఎల్లుండి పాఠం అడిగితేనే కాస్త ఇబ్బంది. చదివింది భౌతికశాస్త్రం, దొరికింది సమగ్ర సాంకేతిక శిక్షణాలయంలో కంప్యూటర్ నెట్‌వర్కింగ్ చెప్పే కాంట్రాక్టు ఉద్యోగం. అందుకని రోజూ సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, కాఫీ తాగి, మర్నాటి పాఠం ఒకటికి రెండుసార్లు చదువుకునేవాడు. పొద్దున్నే క్లాసుకెళ్లి, తల్లి కడుపులోనే నేర్చుకుని వచ్చినట్టు చెప్పేవాడు. ఇందులో తప్పేమీ లేదు. దేశంలో సగం చదువు ఇలాగే సాగుతోంది, మిగతా సగం ఈపాటి కూడా లేకుండా సాగుతోంది.

ఈ ఏర్పాటు సజావుగా నడవాలంటే ఒక్కటే షరతు. విద్యార్థులెవరూ మాస్టారి కంటే ముందుకు పోయి చదవకూడదు. ఆ షరతు ఎవరూ విధించకుండానే అమలవుతూ వచ్చింది. ముందు పాఠాల మాట అటుంచి, చెప్పిన పాఠం చదివిన పాపాన పోయినవాడు కూడా ఆ శిక్షణాలయంలో లేడు.

ఆ ఏడు మంగతాయారు చేరింది. ముప్పై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తల్లి. కేబుల్ టీవీ ఆఫీసులో ఫిర్యాదుల ఫోన్లు ఎత్తుతూ ఉండేది, ఆ ఆఫీసు మూతపడ్డాక ఈ చదువుకొచ్చింది. ఆవిడకి ఒక దురలవాటు ఉంది. పుస్తకం చేతికిస్తే చివరి అట్ట వచ్చేదాకా వదలదు. మూడో పాఠం నడుస్తుండగా ఒకరోజు లేచి నిలబడింది.

"మాస్టారండీ, ఒకే తీగకి రెండు కొనలూ తీసుకొచ్చి ఒకే స్విచ్‌లో పెడితే ఏమవుద్దండీ?"

స్విచ్ అంటే ఇక్కడ లైటు వేసే మీట కాదు, కంప్యూటర్ల తీగలన్నీ వచ్చి చేరే పెట్టె. ఆ పెట్టె సంగతి తాతాజీకి అంతవరకే తెలుసు. "మంచి ప్రశ్న" అన్నాడు. తెలియనప్పుడు అధ్యాపకులు అనే మాట అదే. ముందు ముందు వస్తుందిలే అన్నాడు. తొమ్మిదో పాఠంలో ఉందండీ, చదివాను గానీ సగమే అర్థమైంది, అందుకే అడుగుతున్నానంది ఆవిడ. క్లాసు మొత్తం తాతాజీ మొహంలోకి చూసింది. గంట కొట్టకముందే అతను హాజరు పట్టీ మూసేశాడు.

ఆ మధ్యాహ్నం టీ తాగుతూ ప్రిన్సిపాల్ గారితో మాటవరసకి ఈ సంగతి కదిపాడు. అతను కోరింది చిన్న సాయం. ఆవిణ్ణి పిలిచి, క్లాసుతో పాటు నడవమ్మా అని ఒక మాటంటే చాలు.

ప్రిన్సిపాల్ ఈదర పాండురంగారావు గారు పౌరసరఫరాల శాఖ నుంచి డెప్యుటేషన్ మీద వచ్చారు. శిక్షణాలయం కూడా కాలువగట్టు మీద పాత బియ్యం గోదాములోనే పెట్టారు కాబట్టి ఆయనకి మార్పు పెద్దగా తెలియలేదు. బియ్యానికి బదులు విద్య, కార్డుదార్లకి బదులు విద్యార్థులు. మిగతాదంతా మామూలే.

"ఇది క్రమశిక్షణ సమస్య కాదు తాతాజీ గారూ, పంపిణీ సమస్య" అన్నారాయన గ్లాసు కింద పెట్టి. "ఒక కార్డుదారు వచ్చే నెల కోటా ఈ నెలే ఎత్తుకుపోతే వెనక వరసలో నిలబడ్డవాళ్ల గతి ఏంటి?"

చదివినంత మాత్రాన పుస్తకంలో ఏమీ తరిగిపోదండీ అని తాతాజీ గొణిగాడు.

"రేషన్ డిపోల్లో కూడా అందరూ అలాగే అనేవారండి" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

మర్నాడే నోటీసు బోర్డు మీద సర్క్యులర్ అంటుకుంది. "శిక్షణార్థులలో కొందరు, తరగతి గదియందు బోధింపబడని పాఠ్యాంశములను అనధికారికముగా ముందుగనే చదువుచున్నట్లు ఈ కార్యాలయ దృష్టికి వచ్చినది. ఇట్టి ముందస్తు పఠనము తోటి శిక్షణార్థుల సమాన వాటాకు భంగకరము. ఇకమీదట బోధింపబడని పాఠమును చదువుట, చదివినట్లు మాటలాడుట, దానిపై ప్రశ్న వేయుట నిషేధించడమైనది. ఉల్లంఘించినవారి పేరు హాజరు పట్టీ నుండి తొలగింపబడును."

తాతాజీ అది చదివి హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఆ వారం నిద్ర కూడా బాగా పట్టింది.

కానీ ఒకసారి కదిలిన యంత్రాంగం అంత తేలిగ్గా ఆగదు. సర్క్యులర్ అమలవుతున్నదీ లేనిదీ చూడడానికి పఠన పర్యవేక్షణ సంఘం పుట్టింది. దానికి ఒక గది, ఒక బీరువా, ఒక గుండ్రటి స్టాంపు సమకూరాయి. ఇన్ని సమకూరాక ఏదో ఒకటి చెయ్యక తప్పదు కదా. బైండింగు పనివాణ్ణి పిలిపించి అందరి పుస్తకాల్లోనూ చెప్పని పాఠాలన్నిటినీ పురికొసతో కుట్టించి, ముడి మీద లక్క సీలు వేయించారు. రోజూ క్లాసు మొదలయ్యే ముందు సంఘ సభ్యుడొకరు వచ్చి ఆనాటి మేరకు పేజీలు విప్పి వెళ్లేవారు. అచ్చం గోదాము తాళం తీసినట్టే, ఇద్దరు సాక్షులతో.

తరవాత పుస్తకమే సరిగ్గా ప్రవర్తించడం లేదని తేలింది. నాలుగో పాఠం మధ్యలో "ఈ విషయం తొమ్మిదో పాఠంలో వివరంగా చూడండి" అని ఒక వాక్యం ఉంది. ఇది బహిరంగంగా ఉసిగొల్పడమేనని సంఘం తీర్మానించి, ఆ వాక్యం మీద నల్లసిరా పూయించి, సంజాయిషీ ఇవ్వవలసిందిగా పుస్తకం వేసినవారికి రిజిస్టరు పోస్టు పంపింది. విషయసూచిక అయితే మరీ ప్రమాదకరం, ఏ సరుకు ఎక్కడుందో మొత్తం చెప్పేస్తోంది. దాన్ని చింపి బీరువాలో పెట్టి తాళం వేశారు.

కిందటేడు పరీక్ష తప్పి మళ్లీ చేరినవాళ్ల దగ్గర పెద్ద చిక్కొచ్చింది. వీళ్లు పుస్తకం మొత్తం ఒకసారి చదివేసినట్టే కదా, వీళ్లనేం చెయ్యాలి? సంఘం రెండు సమావేశాలు జరిపింది. చివరికి వాళ్ల పాత జవాబు పత్రాలు తెప్పించి చూసింది. ఏ ఒక్కరూ ఏదైనా చదివినట్టు ఆధారాలు లేవని ఏకగ్రీవంగా తేల్చి, వాళ్లని గౌరవంగా వదిలిపెట్టింది.

ఈ సంగతి పేపర్లో వచ్చింది. "చదువులో సమానత్వానికి కొత్త బాట" అని శీర్షిక పెట్టారు. శిక్షణ శాఖ కమిషనర్ గారు మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. పక్క జిల్లా శిక్షణాలయాల నుంచి మనుషులొచ్చి లక్క కాచే విధానం నేర్చుకుని వెళ్లారు. ఈ సందడిలోనే ఒక ఆడిట్ అధికారి వచ్చి, అన్ని పుస్తకాలూ తిప్పి చూసి, అధ్యాపకుడి పుస్తకానికి సీలు లేదేమని అడిగాడు.

తాతాజీ పరుగు పరుగున ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లాడు. పాఠం చెప్పేవాడు ముందుగా చదువుకోవాలి కదండీ అని మొరపెట్టుకున్నాడు.

పాండురంగారావు గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అంటే మీకు ఈ సబ్జెక్టు రాదా?"

"వచ్చండీ."

"వస్తే మళ్లీ చదవడమెందుకు?"

ప్రిన్సిపాల్ గారు ఒక ఫైలు ముందుకు లాక్కున్నారు.

"పోనీ రాదంటారా, రాకుండా మిమ్మల్ని ఎలా నియమించారన్న ప్రశ్న వస్తుంది. కాంట్రాక్టు పొడిగింపు ఫైలు ఇక్కడే ఉంది. అందులో ఏం రాయమంటారో మీరే చెప్పండి."

తాతాజీ బల్ల మీది లక్కపుల్ల వంకా, ఫైలు వంకా చూసి తన పుస్తకం తనే తెచ్చి ఇచ్చాడు. దాన్ని మిగతావాటి కంటే గట్టిగా కుట్టారు.

ఆనాటి నుంచి క్లాసులో మాస్టారూ విద్యార్థులూ కలిసి పేజీ తిప్పేవారు. పైవాక్యం చదివి కింద ఏముందోనని అందరూ ఒకేసారి ఆశ్చర్యపోయేవారు. ఒక లెక్క నాలుగు రకాలుగా తేలితే చెయ్యెత్తించి మెజారిటీ జవాబు రాసుకున్నారు. ఇలా రెండు వారాలు గడిచాయి. సాయంత్రం ఇంట్లో కాఫీ తాగాక తాతాజీకి చేతులు ఊరుకునేవి కావు. ఇన్నేళ్లుగా పుస్తకం చూడ్డం ఉద్యోగం కోసమే అనుకున్నాడు. ఇప్పుడు చూస్తే అది లేకపోతే పొద్దు గడవడం లేదు.

ఒక ఆదివారం బుజ్జిబాబు పుస్తకాల షాపుకి వెళ్లి, మా బావమరిదికి కావాలంటూ నెట్‌వర్కింగ్ పుస్తకం అడిగాడు. అయిపోయాయండీ అన్నాడు బుజ్జిబాబు. ఏడాదికి మూడు కూడా కదలని పుస్తకం, ఈ నెలలో రెండుసార్లు తెప్పించినా చాల్లేదట. అంతా బావమరుదుల కోసం, మేనత్త కొడుకుల కోసం కొనుక్కెళ్తున్నారట. ఆ మాట అంటుండగానే వెనక బెంచీ మీద కూర్చునే ఇద్దరు విద్యార్థులు షాపులోంచి బయటికొస్తూ తాతాజీని చూసి పొట్లాలు వెనక్కి దాచుకున్నారు. సర్క్యులర్ రాకముందు ముందస్తు పఠనం చేసేది ఊరు మొత్తమ్మీద ఒక్క మంగతాయారు. ఇప్పుడు చెయ్యనిది బహుశా ఆవిడ ఒక్కతే, అప్పటికే చదివేసింది కాబట్టి.

బుజ్జిబాబు తన దగ్గరున్న నమూనా ప్రతి అతని చేతిలో పెట్టాడు. తాతాజీ దాన్ని బియ్యం డబ్బాలో అడుగున దాచాడు. భార్య శేషవేణి సోలతో బియ్యం తీస్తుంటే పుస్తకం తగిలి, "ఇంత చాటుగా చదూతున్నారు, బూతుపుస్తకం కాదు కదా" అంది. ఆ నెలలో తాతాజీ పదకొండో పాఠం దాకా వచ్చాడు. తొమ్మిదో పాఠం చదివిన రోజు మాత్రం పుస్తకం మూసి, మళ్లీ తెరిచి, ఆ పాఠమే ఇంకోసారి చదివాడు. మంగతాయారు అడిగింది ఎంత మంచి ప్రశ్నో అతనికి ఆనాడు తెలిసింది. సిగ్గేసింది.

ఇంతలో రాష్ట్రమంతటా ఒకేసారి జరిగే నెట్‌వర్క్ టెక్నీషియన్ ఆన్‌లైన్ పరీక్షకి ఈ శిక్షణాలయం కేంద్రమైంది. కమిషనర్ గారే స్వయంగా వచ్చి ప్రారంభిస్తామన్నారు. మంగతాయారు వయోపరిమితి ఆ నెలాఖరుతో అయిపోతుంది. ఈ పరీక్ష తప్పితే ఇంకోటి లేదు. ఆ ముక్క ఆవిడ ఎవరితోనూ చెప్పుకోలేదు గానీ, హాల్ టికెట్టు మీద ప్రిన్సిపాల్ గారి సంతకం కోసం నాలుగుసార్లు తిరిగినప్పుడు అందరికీ తెలిసింది.

కమిషనర్ గారు వస్తున్నారంటే శుభ్రత సర్క్యులర్ ఒకటి వేరే వస్తుంది కదా, వచ్చింది. "ప్రయోగశాలయందు ఏ తీగయు వేలాడరాదు" అని అందులో ఉంది. అటెండరు సింహాచలం ఆజ్ఞ తు.చ. తప్పనివాడు. పరీక్ష పొద్దున గది తుడుస్తూ, స్విచ్ పెట్టె నుంచి ఒక నీలం తీగ కిందికి వేలాడుతూ ఉండడం చూశాడు. దాని రెండో కొన ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పలేదు. అదే పెట్టెలో ఇంకో కన్నం ఖాళీగా ఉంది. అందులో గుచ్చేశాడు. తీగ వేలాడ్డం మానింది. చూడ్డానికి పూలదండ వేసినట్టుగా ఉంది కూడానూ.

పెట్టె మీది దీపాలన్నీ పూనకమొచ్చినట్టు ఒక్కసారిగా కొట్టుకోవడం మొదలెట్టాయి. గదిలో కంప్యూటర్లన్నీ బిగుసుకుపోయాయి.

కమిషనర్ గారు దండ మెళ్లో ఉండగానే అడిగారు, ఏమైందని. ప్రిన్సిపాల్ గారు తాతాజీ వైపు చూశారు. తాతాజీ నీలం తీగ వైపు చూశాడు. అప్పుడతనికి ఒక విచిత్రం కనిపించింది. గదిలో విద్యార్థులంతా ఆ తీగనే చూస్తున్నారు. ఒక్కొక్కరే చూపు తిప్పుకుని ఫ్యాన్లని, కిటికీలని, తమ గోళ్లని పరిశీలిస్తున్నారు. అందరికీ తెలుసు. అందరూ బావమరుదుల పుస్తకంలో తొమ్మిదో పాఠం చదివినవాళ్లే. తెలుసని చెప్పడమంటే పేరు కొట్టించుకోవడమే.

"మీ అభిప్రాయం ఏంటి?" అని ప్రిన్సిపాల్ గారు రెట్టించారు.

"మేము నాలుగో పాఠంలో ఉన్నామండి" అన్నాడు తాతాజీ.

కమిషనర్ గారి మొహం విప్పారింది. ఇంత ఒత్తిడిలో కూడా ఒక్కరూ నియమం దాటలేదు చూడండి, అన్నారు పక్కనున్నవాళ్లతో. ఈ మరమ్మతు ఎన్నో పాఠంలోకి వస్తుందో తెలుసుకోమన్నారు. సంఘం వాళ్లు బీరువా తెరిచి విషయసూచిక తెచ్చి, సాక్షుల సమక్షంలో చూసి, బహుశా తొమ్మిది కావచ్చన్నారు. అయితే తొమ్మిదో పాఠం బోధింపబడిన పిమ్మట మరమ్మతు చేపట్టవచ్చని ప్రిన్సిపాల్ గారు అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పి రాయించారు. ఇప్పుడున్న వేగంతో అది సంక్రాంతి సెలవులు దాటాక వస్తుంది. పరీక్షలోకి ప్రవేశించే గడువు మాత్రం ఇంకో అరగంటలో ముగుస్తుంది.

తాతాజీ కాంట్రాక్టు ఫైలు ఇంకా సంతకం కాలేదు. ఆ సంగతి అతనికి తెలుసు, ప్రిన్సిపాల్ గారికి తెలుసు. ఎవరైనా బయటి మెకానిక్కు వస్తే బావుణ్ణని, కరెంటు పోయినా బావుణ్ణని మనసులో కోరుకుంటూ నిలబడ్డాడు. అప్పుడు మూడో వరసలోంచి మంగతాయారు లేచింది.

"మాస్టారండీ, నేనొక ప్రశ్న అడిగానండీ. మంచి ప్రశ్నన్నారు. జవాబు చెప్పలేదండీ."

ముందస్తు ప్రశ్నలు నిషేధమని ప్రిన్సిపాల్ గారు హెచ్చరించారు. ఆవిడ ఆయన వైపు తిరిగి ఎంతో వినయంగా చెప్పింది.

"ఈ ప్రశ్న సర్క్యులర్ కంటే ముందుదండీ. అప్పట్నుంచీ పెండింగులో ఉందండీ."

పెండింగు అన్న మాట వినగానే కమిషనర్ గారు ఉలిక్కిపడ్డారు. పెండింగు అంశాలు ఏ కార్యాలయంలోనూ ఉంచరాదని ఆయనే కిందటి నెల రాశారు. అధ్యాపకులు వెంటనే పరిష్కరించాలన్నారు.

ఆవిడ గొంతు మామూలుగానే ఉంది గానీ, మాటిమాటికీ గోడ గడియారం వంక చూడడం తాతాజీ గమనించాడు. నా నోటి చలవే కదా ఇదంతా అనుకున్నాడు. ఆనాడు ఒక్క మాట, తెలీదమ్మా, చదివి చెప్తాను అని ఉంటే, లక్కా లేదు, పురికొసా లేదు.

"ఒకే తీగ రెండు కొనలూ ఒకే స్విచ్‌లో పెడితే" అన్నాడు, "పంపిన మాట తిరిగి తిరిగి అక్కడికే వస్తుందమ్మా. వచ్చినప్పుడల్లా ఒకటికి నాలుగై మళ్లీ బయల్దేరుతుంది. ఆ హోరులో ఇంకెవరి మాటా ఎవరికీ చేరదు. ఒక కొన పీకేస్తే సర్దుకుంటుంది."

చెప్పి, నడుచుకుంటూ వెళ్లి, నీలం తీగ కొన పట్టుకుని పీకేశాడు. దీపాలు నెమ్మదించాయి. కంప్యూటర్లు ఒక్కొక్కటే కళ్లు తెరిచాయి. గదంతా టకటకమని మీటల చప్పుడు. మంగతాయారు అప్పటికే కూర్చుని నంబరు కొడుతోంది, అతని వంక చూసే తీరిక కూడా లేదు.

కమిషనర్ గారు చాలా మర్యాదగా అడిగారు, మీరు ఎంతవరకు వచ్చారని.

"క్లాసులో నాలుగండీ. ఇంట్లో పదకొండు."

ఆ సాయంత్రమే సంఘం వారు తాతాజీ ఇంటికి వచ్చి బియ్యం డబ్బా బోర్లించారు. పుస్తకం దొరికింది. నేరారోపణ పత్రంలో ప్రిన్సిపాల్ గారు తన పాత శాఖ భాషే వాడుకున్నారు. "నిత్యావసర విజ్ఞానమును అనుమతించిన పరిమితికి మించి స్వగృహమందు అక్రమముగా నిల్వ ఉంచుట" అని రాశారు. కాంట్రాక్టు పొడిగించలేదు. ఇక ఆ మరమ్మతు పాఠ్యక్రమానికి ముందే జరిగిపోవడం విధానపరమైన లోపం కాబట్టి, పరీక్ష ముగిశాక, యథాతథ స్థితిని పునరుద్ధరించాలని ఉత్తర్వు వచ్చింది. సింహాచలం నీలం తీగని మళ్లీ అదే కన్నంలో గుచ్చాడు. దాని మీద లక్క సీలు వేశారు.

తాతాజీ ఖాళీకి ప్రకటన వెలువడింది. అభ్యర్థికి సబ్జెక్టు ఆమూలాగ్రం వచ్చి ఉండాలి, పాఠ్యపుస్తకం చదివి ఉండకూడదు. దరఖాస్తులు శిక్షణాలయం కంప్యూటర్ ద్వారా మాత్రమే స్వీకరించబడును. ఇంతవరకూ ఒక్కటీ చేరలేదు. ఈ ఉద్యోగానికి యువతలో ఆసక్తి కొరవడిందని ప్రిన్సిపాల్ గారు పైకి నివేదిక పంపారు, పోస్టులో.

మంగతాయారు పరీక్ష నెగ్గింది. ఉద్యోగం వచ్చిన కంపెనీ ఆవిణ్ణి మొట్టమొదట పంపింది ఎక్కడికో కాదు, నెట్‌వర్క్ నెలల తరబడి పని చెయ్యడం లేదని ఫిర్యాదు చేసిన సమగ్ర సాంకేతిక శిక్షణాలయానికే. ఆవిడ సంచీ తీసుకుని వెళ్తే, పాండురంగారావు గారు రికార్డులు తిరగేసి, మీ శిక్షణ ఇక్కడ నాలుగో పాఠంతో ఆగిపోయినట్టుంది, తొమ్మిదో పాఠపు పనికి మీరు అర్హులు కారన్నారు. తీగని చూడవచ్చు, ముట్టుకోకూడదు. ఆవిడ కాసేపు నిలబడి చూసి వచ్చేసింది.

అక్కణ్ణుంచి తిన్నగా తాతాజీ ఇంటికొచ్చింది. అరుగు మీద పాత క్లాసంతా ఉంది, పురికొస లేని పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని. ఉద్యోగం పోయాక తాతాజీ రోజూ అక్కడే మొదటి పాఠం నుంచీ మళ్లీ చెబుతున్నాడు. ఆవిడ చెప్పిన కబురు విని అందరూ నవ్వారు. తాతాజీ కూడా నవ్వాడు గానీ, ఆ తీగ అలాగే ఉందంటే అతనికి మనసు చివుక్కుమంది. శేషవేణి కాఫీ తెచ్చిచ్చింది. గ్లాసు ఖాళీ చేసి, మంగతాయారు సంచీలోంచి తన పుస్తకం తీసి, దాదాపు చివరి అట్ట దగ్గర ఒక పేజీ తెరిచింది.

"మాస్టారండీ, ఇక్కడ నాకో సందేహం ఉందండీ." అని మొదలెట్టి, పద్నాలుగో పాఠంలోంచి ఒక ప్రశ్న అడిగింది.

తాతాజీ ఆ పేజీ వంక చూశాడు. అక్కడికింకా రాలేదు. అరుగు మీద అందరూ అతని మొహంలోకి చూస్తున్నారు.

"నాకు తెలీదమ్మా" అన్నాడు. "ఈ రాత్రి చదివి, రేపు చెప్తాను."